బొంబాయికి పూర్వం వహీదా రెహమాన్

హిందీ చలనచిత్రాల యందు కొంచెమైనా అభిరుచి కలవారికి వహీదా రెహమాన్ పేరు క్రొత్తది కాదు. “ప్యాసా”, “గైడ్”, “తీస్రీ కసమ్” వంటి చిత్రాలు విడుదలైన నాటికి మన విద్యార్థులు పుట్టలేదు. పలువురి తల్లిదండ్రులు కూడా పుట్టలేదు. అయినను దూరదర్శన్ పుణ్యమా అని ఆ చిత్రాలు మన ఇండ్లలోనికి వచ్చాయి. ఒక తరం వెండితెరపై చూచిన ముఖాన్ని తరువాతి తరాలవారు టెలివిజన్ పెట్టెలో చూచి గుర్తుపట్టగలిగారు. ఆమెను గూర్చి పత్రికలలో వచ్చిన వ్యాసాలకు లెక్క లేదు. వాటిలో అనేకం ఒకే మాటతో మొదలవుతాయి: గురుదత్ ఆమెను హైదరాబాదులో కనుగొన్నాడు అని.

ఈ మాట అబద్ధం కాదు. కాని దీనిని చదివిన విద్యార్థికి కలిగే అభిప్రాయం సరియైనది కాదు. దారిన పోయే దర్శకునికి ఒక రత్నం దొరికినట్లు, ఆ రత్నానికి అంతకు పూర్వం చరిత్ర ఏదీ లేనట్లు తోస్తుంది. బొంబాయి చేరునాటికే ఆమె భరతనాట్యంలో శిక్షణ పొందినది, పెద్దల సభలో ఆడి మెప్పు పొందినది, తెలుగు చిత్రంలో ఒక్క పాటతో ఆంధ్రదేశమంతటా పేరు తెచ్చుకొన్నది. ఆ పూర్వకథలోని ఒక ముఖ్య ఘట్టం మన విశాఖపట్నంలోనే జరిగినది. ఇందులోని విషయాలు చాలా వరకు ఆమె స్వయంగా చెప్పినవే. నస్రీన్ మున్నీ కబీర్ ఆమెతో జరిపిన సంభాషణలు 2014లో ఒక గ్రంథంగా వెలువడ్డాయి. ఆసక్తి కల విద్యార్థులు దానిని సంపాదించి చదువవచ్చును.

మొదట ఒక తప్పును దిద్దవలసి ఉన్నది. వహీదా రెహమాన్ హైదరాబాదులో జన్మించినట్లు చాలా కాలం పత్రికలు వ్రాస్తూ వచ్చాయి. ఆమె జన్మస్థలం హైదరాబాదు కాదు, మద్రాసుకు దక్షిణాన ఉన్న చెంగల్పట్టు. జన్మదినం 1938 ఫిబ్రవరి 3. ముస్లిం యువతి, ఉర్దూ మాట్లాడుతుంది, తెలుగు చిత్రాలలో నటించినది, ఇక హైదరాబాదు తప్ప వేరే ఊరు ఏమై ఉంటుందని వ్రాసినవారు ఊహించుకొని ఉంటారు. ఉర్దూ అనగానే గోల్కొండ కోట, చార్మినారు తప్ప తక్కిన దక్షిణదేశం గుర్తుకు రాకపోవడం మన పండితులకు కూడా అలవాటే. చెంగల్పట్టులోను, ఆర్కాటులోను, కడపలోను, కర్నూలులోను, మన ఉత్తరాంధ్ర పట్టణాలలోను ఇంటి భాషగా ఉర్దూను నిలుపుకొని, వీధిలో తెలుగో తమిళమో మాట్లాడే కుటుంబాలు ఎన్ని లేవు! వహీదా అటువంటి కుటుంబపు బిడ్డ.

తండ్రి మహమ్మద్ అబ్దుర్ రెహమాన్ ప్రభుత్వాధికారి. తల్లి ముంతాజ్ బేగం. నలుగురు ఆడపిల్లలలో వహీదా చివరిది. ఆ రోజులలో మద్రాసు రాష్ట్రమంటే ఒక మూల గంజాం సరిహద్దు మొదలుకొని మరొక మూల మలబారు వరకు వ్యాపించినది కాబట్టి, ప్రభుత్వాధికారి బదిలీ అంటే ఊరు మాత్రమే మారేది కాదు, భాష కూడా మారేది. ఈ సంచారంలో ఆ పిల్లలకు ఇంట్లో ఉర్దూ, బడిలో ఇంగ్లీషు, ఇరుగుపొరుగున తమిళం, తెలుగు అలవడ్డాయి. విశాఖపట్నంలో ఉండగా వహీదా సెయింట్ జోసెఫ్ కాన్వెంటులో చదువుకొన్నది.

నాటి విశాఖ నేటి విశాఖ కాదు. ఆంధ్రరాష్ట్రం ఇంకా ఏర్పడలేదు. సింధియా వారి నౌకానిర్మాణశాలలో తయారైన “జల ఉష” నౌకను 1948 మార్చి 14న జవహర్‌లాల్ నెహ్రూ జలప్రవేశం చేయించారు. స్వతంత్ర భారతదేశపు పెద్దలు ఒకరి తరువాత ఒకరు ఈ రేవు పట్టణానికి వస్తూ ఉన్న కాలమది. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో మరి రెండు పేరాల తరువాత తెలుస్తుంది.

వహీదాకు నాట్యంపై మక్కువ చిన్ననాటనే కలిగినది. అక్క సయీదాకు కూడా అదే అభిరుచి. ముస్లిం కుటుంబంలోని బాలికలు భరతనాట్యం నేర్చుకొనడం నేటికీ సర్వసాధారణం కాదు. 1940వ దశకంలో అది ఎంత విడ్డూరమో ఊహించుకొనవచ్చును. నిజానికి అప్పటికి హిందూ గృహస్థుల ఇండ్లలో సైతం భరతనాట్యం పూర్తిగా మర్యాద సంపాదించుకొనలేదు. రుక్మిణీదేవి అరండేల్ 1936లో మద్రాసులో కళాక్షేత్రాన్ని స్థాపించి పదేండ్లు దాటినా, ఆట అనే మాట వినగానే ముఖం చిట్లించే పెద్దలు అన్ని మతాలలోను ఉండేవారు. దేవదాసీ వ్యవస్థను నిషేధించే చట్టం మద్రాసు శాసనసభలో వచ్చినది 1947లో. ఇటువంటి సమయంలో ఒక ముస్లిం అధికారి తన కుమార్తెలకు గజ్జెలు కట్టించాడు.

మద్రాసులో ఆమె తిరుచ్చెందూరు మీనాక్షిసుందరం పిళ్ళై గారి వద్ద నేర్చుకొనదలచినది. (పందనల్లూరు మీనాక్షిసుందరం పిళ్ళై వేరొకరు, పేరులోని పోలికను బట్టి పొరపడరాదు.) ఆయన సంప్రదాయజ్ఞుడు, వృద్ధుడు. ముస్లిం బాలికకు నేర్పడానికి మొదట ఒప్పుకొనలేదు. ఆ పిల్ల పట్టు విడువలేదు. చివరకు ఆయన జాతకం తెమ్మన్నారు. ముస్లిం ఇండ్లలో జాతకచక్రం వ్రాయించుకొనే ఆచారం లేదు గదా, ఎక్కడి నుండి తెస్తారు? అప్పుడు పిళ్ళై గారే జన్మతేదీని, వేళను అడిగి తెలుసుకొని స్వయంగా జాతకం వేశారు. వేసి చూచి ఆశ్చర్యపోయి, ఈ పిల్ల నాకు చివరి శిష్యురాలు అవుతుంది, ఉత్తమ శిష్యురాలు కూడా అవుతుంది అన్నారట. ఈ సంగతిని వహీదా పలుమారులు చెప్పారు. జ్యోతిషంలో నమ్మకం ఉన్నవారు ఒక విధంగా, లేనివారు మరొక విధంగా దీనిని వ్యాఖ్యానించుకొనవచ్చును. నాకు మాత్రం ఆ వృద్ధ గురువు తన నియమాన్ని విడువకుండానే, తనకు తెలిసిన శాస్త్రమార్గంలోనే, కాదన్న పిల్లను ఔననడానికి ఒక దారి వెదకుకొన్నాడని తోస్తుంది. పిల్ల పట్టుదల ముందు ఆయన మనస్సు అప్పటికే కరిగి ఉంటుంది.

ఇప్పుడు విశాఖ ఘట్టం. చక్రవర్తి రాజగోపాలాచారి గవర్నర్ జనరల్‌గా ఉన్న కాలం, అనగా 1948 జూన్ నుండి 1950 జనవరి వరకు. ఆయన విశాఖపట్నం వచ్చిన ఒక సందర్భంలో వినోద కార్యక్రమం ఏర్పాటు చేసే భారం అబ్దుర్ రెహమాన్ గారిపై పడినది. అంతటి అతిథికి తగిన కళాకారులను మద్రాసు నుండి రప్పించాలని ఆయన అనుకొన్నారు. కాని స్థానికులైన కళాకారులనే చూడాలని రాజాజీ కోరిక అని కబురు వచ్చినది. స్థానికులు ఎవరున్నారు అని వెదకుతూ ఉండగా, మీ పిల్లలే ఆడతారు గదా అని తోటివారు గుర్తుచేశారు. అలా వహీదా, సయీదా వేదిక ఎక్కారు. మరునాడు పత్రికలలో వారి బొమ్మలు పడ్డాయి. ముస్లిం బాలికలు భరతనాట్యం చేసినారన్న విశేషం ఆ వార్తకు మరింత వన్నె తెచ్చినది.

ఆ బొమ్మలు అందరికీ సంతోషం కలిగించలేదు. బంధువులు ఆక్షేపించారు. ఆడపిల్లలు నలుగురి ఎదుట ఆడటమేమిటి, మన ఇండ్లలో ఇది తగునా అన్నారు. తండ్రి చలించలేదు. ఏ కళలోను, ఏ వృత్తిలోను చెడు లేదని, చెడు ఉంటే అది మనిషి నడవడిలో ఉంటుందని ఆయన సమాధానం. ఆ తండ్రి మాట తన జీవితమంతటా తనకు తోడుగా నిలిచినదని ఆమె తరువాతి కాలంలో చెప్పుకొన్నారు.

ఆ తండ్రి 1951లో మరణించారు. వహీదాకు అప్పటికి పదమూడేండ్లు. ప్రభుత్వోద్యోగి కుటుంబానికి ఆ ఉద్యోగి పోయిన తరువాత మిగిలేది ఏమిటో మన ప్రాంతంలో వేరే చెప్పనక్కరలేదు. వహీదాకు వైద్యవిద్య చదువవలెనని కోరిక ఉండేది. ఉబ్బసపు వ్యాధి చిన్ననాటి నుండి ఆమెను బాధించి చదువుకు అడ్డు తగులుతూ వచ్చినది. తండ్రి మరణంతో ఆ ఆశ పూర్తిగా వెనుకబడినది. తల్లి ఆరోగ్యం అంతంతమాత్రం. పిల్లకు పెండ్లి చేసి పంపివేయడం ఒక మార్గం. చేతిలో ఉన్న విద్యతో నాలుగు రూకలు సంపాదించడం రెండవ మార్గం. ఆ ఇంట్లో రెండవ మార్గాన్ని గూర్చి ఆలోచించగలిగారంటే, తండ్రి ఒకనాడు బంధువులకు చెప్పిన సమాధానం అప్పటికి ఆ ఇంటి నీతిగా స్థిరపడి ఉండుటయే కారణం.

అప్పుడు వచ్చినది “రోజులు మారాయి”. సారథీ సంస్థ తీసిన ఈ చిత్రానికి నిర్మాత సి. వి. ఆర్. ప్రసాద్, ఆ కుటుంబానికి తెలిసినవారు. దర్శకుడు తాపీ చాణక్య, తాపీ ధర్మారావు గారి కుమారుడు. అక్కినేని నాగేశ్వరరావు, షావుకారు జానకి నాయికానాయకులు. భూస్వామి ఆగడాలను రైతులు ఎదిరించే కథ. అందులో ఒక నాట్యం చేయడానికి పిల్లను పంపమని అడిగారు. తెలిసినవారు, ఒక్క పాట, మర్యాదకు భంగం లేదు అని తల్లి అంగీకరించినది. ఆ పాట ఏరువాక పాట. కొసరాజు రాఘవయ్య చౌదరి రచన, మాస్టర్ వేణు సంగీతం, జిక్కి గానం. 1955 ఏప్రిల్‌లో చిత్రం విడుదలైనది. భరతనాట్యం నేర్చిన ఆ పిల్ల పల్లెపదానికి వేసిన అడుగులను చూడటానికి జనం మళ్ళీ మళ్ళీ వచ్చారు. ఆ చిత్రం చూచినవారికి కథలోని ఘట్టాలు మరపునకు వచ్చినా ఆ పాట మరపునకు రాలేదు.

ఈ పాటకు సంబంధించి మరొక చిన్న విశేషం. దాని బాణీ తెలుగుదేశంలోనే ఆగలేదు. తమిళంలో “కాలం మారిపోచ్చు” అనే పేరుతో ఇదే కథను 1956లో తీసినప్పుడు అదే బాణీకి అక్కడ కూడా వహీదాయే ఆడినది. తరువాత 1960లో “బొంబాయ్ కా బాబూ” చిత్రంలో సచిన్ దేవ్ బర్మన్ సంగీతంలో ఆ బాణీ హిందీలో వినిపించినది. మన దుక్కి పాట బొంబాయి చేరినదన్నమాట. ఆడిన పిల్ల మాత్రం దానికంటె నాలుగేండ్లు ముందుగానే చేరినది.

అదే 1955లో ఎన్. టి. రామారావు స్వంత సంస్థ నిర్మించిన “జయసింహ” కూడా వెలువడినది. డి. యోగానంద్ దర్శకత్వంలోని ఆ జానపద చిత్రంలో వహీదా యువరాణి పాత్ర ధరించినది. ఎం. జి. రామచంద్రన్ నటించిన తమిళ వర్ణచిత్రం “అలీబాబావుం నార్పదు తిరుడర్గళుం” (1956)లో కూడా ఆమె నాట్యం ఉన్నది. కాబట్టి బొంబాయి ప్రేక్షకులు చూచేనాటికి ఆమె తెలుగు, తమిళ పరిశ్రమలు రెండింటికీ పరిచితురాలు. కనుగొనుట అనే మాటను వాడదలచుకొంటే దానిలో మొదటి భాగం తెలుగు చిత్రానికి చెందవలె.

హైదరాబాదు సంఘటన ఇలా జరిగినది. “రోజులు మారాయి” శతదినోత్సవాల సందర్భంగా నటీనటులు ఊరూరా తిరుగుతున్నారు. గురుదత్ ఆ సమయంలో హైదరాబాదులో ఉన్నాడు. తెలుగులో విజయవంతమైన “మిస్సమ్మ”ను చూచి హిందీలో తీయవచ్చునేమో నిర్ణయించుకొనడానికి వచ్చాడని, దారిలో కారు ఒక గేదెను ఢీకొని చెడిపోగా అనుకొన్నదానికంటె ఎక్కువ రోజులు ఆ ప్రాంతంలో ఆగవలసి వచ్చినదని అతని సహచరులు చెప్పేవారు. ఒకనాడు ఒక డిస్ట్రిబ్యూటరు కార్యాలయంలో కూర్చుని ఉండగా వీధిలో పెద్ద కోలాహలం వినవచ్చినది. ఏమిటని అడిగితే, “రోజులు మారాయి” తారల కారును జనం చుట్టుముట్టారని చెప్పారు. ఒక్క పాటకు ఆడిన క్రొత్త పిల్లకు కథానాయికకంటె ఎక్కువ జనం మూగుతున్నారని కూడా చెప్పారు. పేరేమిటి? వహీదా రెహమాన్. ఆ పేరు వినగానే గురుదత్ వేసిన ప్రశ్నయే ఈ కథకంతటికీ కీలకం: ఆ అమ్మాయికి ఉర్దూ వచ్చునా?

వచ్చునన్నారు. అయితే చూస్తానన్నాడు. ఆ సమావేశం అరగంట సేపు జరిగినది. తల్లి వెంట ఉన్నది. గురుదత్ ఎక్కువ మాట్లాడే స్వభావం కలవాడు కాదు. రెండు మూడు ప్రశ్నలు ఉర్దూలో అడిగి, సమాధానాలు విని పంపివేశాడు. తల్లీకూతుళ్ళకు అతడెవరో కూడా సరిగా తెలియదు. కొన్ని నెలల తరువాత మద్రాసుకు మనిషి వచ్చి బొంబాయికి రమ్మన్నప్పుడు వారు ఆశ్చర్యపోయారు.

ఇక్కడ కొంచెం ఆగి ఆ ప్రశ్నను పరిశీలించవలసి ఉన్నది. అప్పటికి దక్షిణదేశపు నర్తకీమణులు బొంబాయికి పోవడం క్రొత్త కాదు. వైజయంతిమాల 1951లో “బహార్” చిత్రంతో వెళ్ళినది. నాట్యానికి భాష అడ్డు రాదు. నటనకు వస్తుంది. హిందీ చిత్రాలని మనం పిలుచుకొనే వాటి సంభాషణలు, పాటలు ఆ రోజులలో చాలా వరకు ఉర్దూ కవులు, రచయితలు వ్రాసినవి. కాబట్టి అక్కడ నిలువదలచిన నటికి ఉచ్చారణ, వారి మాటలో తలఫ్ఫుజ్, ప్రాణం వంటిది. నాట్యం వచ్చిన దక్షిణాది పిల్లలు చాలామంది ఉండవచ్చు. నాట్యం వచ్చి, ఉర్దూ ఇంటి భాషగా కలవారు ఎందరు? అబ్దుర్ రెహమాన్ గారు ఇంట్లో ఉర్దూను నిలిపి, పిల్లలకు భరతనాట్యం నేర్పించినప్పుడు ఈ రెండూ ఒక దినాన ఒకే ప్రశ్నకు సమాధానం అవుతాయని ఆయనకు తెలియదు.

మన కళాశాలలో ఉర్దూ చదివే విద్యార్థులకు తెలిసినట్లే, దక్షిణాది ఉర్దూకు, ఉత్తరాది ఉర్దూకు భేదం ఉన్నది. లక్నోవారు కంఠమూలం నుండి పలికే “కాఫ్” అక్షరం దక్కనీవారి నోట “ఖ”గా మారుతుంది. “కలమ్” అనవలసిన చోట “ఖలమ్” అంటారు. తెలుగు లిపిలో వ్రాసేటప్పుడు ఆ అక్షరానికి మనవద్ద సరియైన గుర్తే లేదు. ఇంటి ఉర్దూతో వెళ్ళిన పిల్లకు ఇది ఎంతటి పరీక్షయో దీనిని బట్టి తెలుస్తుంది. ఆ వెళ్ళిన పిల్ల 1960లో “చౌదవీ కా చాంద్” చిత్రంలో లక్నో నగరపు పరదా స్త్రీగా నటించినది. ఆ నగరపు మర్యాదలు, ఆ నగరపు పలుకుబడి కథకు ఆధారమైన చిత్రమది. దేశమంతటా అది విజయవంతమైనది.

బొంబాయిలో ఒప్పందంపై సంతకం చేసే నాటి ఘట్టం ఇంతకంటె ముఖ్యమైనది. మొదటి చిత్రం “సి. ఐ. డి.” గురుదత్ నిర్మాత, రాజ్ ఖోస్లా దర్శకుడు, దేవానంద్ నాయకుడు. వహీదాకు పద్ధెనిమిదేండ్లు నిండలేదు కాబట్టి తల్లి సంతకం కావలె. రాజ్ ఖోస్లా మొదట పేరు మార్చుకొనమన్నాడు. ఈ పేరు పొడుగుగా ఉన్నది, తెరకు నప్పదు, పెద్ద పెద్దవారే మార్చుకొన్నారు గదా అన్నాడు. అతడు చెప్పినదీ నిజమే. యూసుఫ్ ఖాన్ దిలీప్ కుమార్ అయినాడు. ముంతాజ్ జహాన్ మధుబాల అయినది. మహజబీన్ మీనాకుమారి అయినది. ఫాతిమా రషీద్ నర్గీస్ అయినది. అంతటివారు చేసిన పనిని నిన్న మొన్న వచ్చిన పిల్ల కాదనడం ఏమిటి?

ఆమె కాదన్నది. ఇది నా తల్లిదండ్రులు పెట్టిన పేరు, మార్చను అన్నది. అంతటితో ఊరుకొనక, నాకు నచ్చని దుస్తులు ధరించమంటే ధరించనని ఒప్పందంలో వ్రాయమన్నది. క్రొత్తవారు షరతులు పెట్టడం తామెన్నడూ చూడలేదని రాజ్ ఖోస్లా విసుగుకొన్నాడు. గురుదత్ కొంత ఆలోచించి రెండింటికీ అంగీకరించాడు. తల్లి సంతకం చేసినది. ఇంటికి సంపాదన అవసరమై వచ్చిన పిల్ల, తిరిగి పంపివేస్తే ఏమి చేయాలో తెలియని పిల్ల, ఆ మాట అనగలగడానికి ఎంత ధైర్యం కావలెనో విద్యార్థినులు ఆలోచింపవలె. పేరు మార్చుకొన్న తారలను నేను తప్పు పట్టడం లేదు. దేశవిభజన నాటి పరిస్థితులలో, వ్యాపారపు ఒత్తిడిలో వారు చేసినది వేరు. కాని తండ్రి పోయి నాలుగైదేండ్లయినా ఆయన పేరు చివరి భాగాన్ని తెరపై నిలబెట్టాలని ఆమె పట్టుబట్టినది.

తరువాతి చరిత్ర బాగా తెలిసినదే కాబట్టి త్వరగా దాటుతాను. “సి. ఐ. డి.” 1956లో, “ప్యాసా” 1957లో, “కాగజ్ కే ఫూల్” 1959లో, “సాహిబ్ బీబీ ఔర్ గులామ్” 1962లో వచ్చాయి. సత్యజిత్ రాయ్ ఆమెను బెంగాలీలో “అభిజాన్” (1962)కు పిలిచారు. “రేష్మా ఔర్ షేరా” (1971)కు జాతీయ ఉత్తమనటి బహుమానం లభించినది. 1972లో పద్మశ్రీ, 2011లో పద్మభూషణ్ వచ్చాయి.

రెండు చిత్రాలను గూర్చి మాత్రం ఒక మాట చెప్పక తప్పదు. ఆర్. కె. నారాయణ్ నవల ఆధారంగా విజయ్ ఆనంద్ తీసిన “గైడ్” (1965)లో ఆమె పాత్ర రోజీ. దేవదాసీ కుమార్తె, పెండ్లయి గౌరవం పొందినది. కాని భర్త ఆమె గజ్జెల చప్పుడు వినడానికి ఇష్టపడడు. ఆడాలనే కోరిక, ఆడరాదనే లోకం, వీటి నడుమ నలిగి చివరకు ఇల్లు విడిచిపోతుంది. అటువంటి స్త్రీని ప్రేక్షకులు ఏవగించుకొంటారని, ఆ పాత్ర ధరించవద్దని ఆమెకు సలహా ఇచ్చినవారు ఉన్నారు. ఆమె ధరించినది, ఫిల్మ్‌ఫేర్ ఉత్తమనటి బహుమానం పొందినది. ఫణీశ్వర్‌నాథ్ రేణు కథ ఆధారంగా కవి శైలేంద్ర నిర్మించిన “తీస్రీ కసమ్” (1966)లో ఆమె నౌటంకీ ఆటగత్తె హీరాబాయి. అది కూడా లోకం చూచి ఆనందించి, వెనుక నిందించే ఆటగత్తె కథయే. ఆ చిత్రం జాతీయ ఉత్తమచిత్రంగా ఎన్నికైనది. ఈ రెండు పాత్రలలో ఆమె కండ్లలో కనిపించే బాధను విమర్శకులు నటనా ప్రతిభగా కొనియాడారు. ప్రతిభయే, సందేహం లేదు. అయితే విశాఖపట్నంలో పత్రికలో బొమ్మ పడిన మరునాడు బంధువులు అన్న మాటలను విన్న బాలిక ఆ పాత్రలను తక్కినవారికంటె కొంచెం దగ్గరగా ఎరిగి ఉంటుందని నా అభిప్రాయం.

హిందీ తెరపై అంత ఎత్తుకు చేరిన తరువాత కూడా ఆమె తెలుగును పూర్తిగా విడువలేదన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. 1974లో ఆదుర్తి సుబ్బారావు దర్శకత్వంలో వచ్చిన “బంగారు కలలు” చిత్రంలో అక్కినేని నాగేశ్వరరావుతో నటించారు. ఏరువాక పాట వచ్చి అప్పటికి పందొమ్మిదేండ్లు. ఆ ఏడాదే ఆమె నటుడు కమల్‌జీత్‌ను వివాహమాడి బెంగుళూరులో స్థిరపడ్డారు. 1986లో కృష్ణ స్వీయ దర్శకత్వంలో తీసిన “సింహాసనం” తెలుగులో మొదటి 70 ఎం. ఎం. చిత్రం, అందులో ఆమె రాజమాత. 2006లో “చుక్కల్లో చంద్రుడు” చిత్రంలో కనిపించారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎన్. టి. ఆర్. జాతీయ పురస్కారాన్ని 2006వ సంవత్సరానికి ఆమెకు ప్రకటించినది. “జయసింహ”లో యువరాణిగా తన సరసన నిలిచిన పిల్లకు, ఆ జయసింహుని పేరిట నెలకొల్పిన బహుమానం అర్ధశతాబ్దం తరువాత చేరడం చిత్రమే.

2000లో భర్త మరణించిన తరువాత ఆమె తిరిగి బొంబాయి చేరారు. అప్పటికి ఆ నగరం పేరు ముంబయి అయినది. వృద్ధాప్యంలో ఆమె చేపట్టిన విద్య అడవిజంతువుల ఛాయాచిత్రణం. కెమెరా ముందు జీవితమంతా గడిపిన మనిషి కెమెరా వెనుకకు చేరి ఆఫ్రికా అడవుల వరకు వెళ్ళి వచ్చారు.

చలనచిత్ర రంగంలో దేశంలోకెల్ల ఉన్నతమైన దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారాన్ని 2021వ సంవత్సరానికి గాను ఆమెకు ఇస్తున్నట్లు 2023 సెప్టెంబరులో ప్రకటన వెలువడినది. అక్టోబరు 17న ఢిల్లీలో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము చేతుల మీదుగా ఆమె దానిని స్వీకరించారు. అప్పటికి ఆమె వయస్సు ఎనభై అయిదు. సభలో చదివిన పేరు వహీదా రెహమాన్. ఆ సందర్భంలో వెలువడిన వ్యాసాలలో గురుదత్ ప్రసక్తి లేనిది దాదాపు లేదు. తిరుచ్చెందూరు పిళ్ళై గారి ప్రసక్తి కొన్నింటిలో ఉన్నది. విశాఖపట్నపు వేదిక ప్రసక్తి కోసం మాత్రం చాలా వెదకవలసి వచ్చినది.